షార్త్ర్ దారిలో: పెంతెకోస్తు కాలినడక

శుక్రవారం, 6 జూన్ 2025, పారిస్

ఏటా పెంతెకోస్తు, అంటే పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ ముందురోజు పొద్దున్నే వేలమంది కతోలికులు పారిస్‌లో పూజ విని, షార్త్ర్ అనే ఊళ్లోని మరియమాత కెథెడ్రల్‌కి నడక మొదలుపెడతారు. శని, ఆది, సోమవారాలు నడిస్తే వంద కిలోమీటర్ల దాకా అవుతుంది. 1983లో మొదలైన ఈ యాత్రలో పూజలు పాత పద్ధతిలో జరుగుతాయి. అంటే 1962 నాటి పూజా గ్రంథం ప్రకారం, లాటిన్‌లో, గురువు (ఫాదర్‌గారు) మనతో పాటు బలిపీఠం వైపే తిరిగి చేసే పూజ. 2024లో 18,000 మంది నడిచారు. ఈసారి 19,000 అంటున్నారు.

నాది విశాఖపట్నం. మా వైపు కతోలిక విశ్వాసం వేళ్లూనుకున్నది, ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఆన్సీ ఊరి నుంచి 1846లో వచ్చిన గురువుల చేతుల మీదుగా. పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ వాళ్లు. మూడేళ్లకి ఆన్సీ కన్యస్త్రీలు కూడా వచ్చారు. ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి, మా దగ్గరి ఎండకీ జ్వరాలకీ తట్టుకోలేక చిన్న వయసులోనే పోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లు మాకిచ్చిన పూజ ఈ లాటిన్ పూజే. మా అమ్మమ్మకి చదువు రాదు. అయినా గురువు ‘దోమినుస్ వోబిస్కుమ్’ (ప్రభువు మీతో ఉండుగాక) అంటే ‘ఎత్ కుమ్ స్పిరితు తువో’ అని టక్కున అనేది. ఆమెకి అంత దగ్గరైన పూజని నేను ఒక్కసారి కూడా చూడకుండా పెరిగాను. అందుకే వచ్చాను.

బస చేసింది పారిస్ శివార్లలో, అన్నయ్య వాళ్లింట్లో. సొంత అన్నయ్య కాదు, దూరపు చుట్టరికం. వాళ్ల తాతగారిది యానాం. 1954లో యానాం మన దేశంలో కలిసిన తర్వాత ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్న కుటుంబాల్లో వాళ్లదొకటి. అన్నయ్య పుట్టింది, పెరిగింది ఇక్కడే. తెలుగు మాత్రం వాళ్ల మామ్మ నేర్పిన తెలుగు, మనం ఇప్పుడు వాడని పాత మాటలు చాలా ఉన్నాయి అందులో. తన విచారణలో, అంటే తను వెళ్లే గుడి సంఘంలో, గిటారు వాయిస్తాడు. ఇప్పుడు గుళ్లలో ఎవరి భాషలో వాళ్లకి జరిగే కొత్త పూజే తనకి ప్రాణం.

“నీకు తోడుగా వస్తున్నాను తమ్ముడూ, లాటిన్ కోసం కాదు” అన్నాడు బూట్ల లేసులు సరిచూసుకుంటూ.

శనివారం, 7 జూన్: పారిస్ నుంచి ష్వాజెల్ దాకా

నోత్ర దామ్ 2019 ఏప్రిల్ మంటల్లో దెబ్బతిన్నప్పటి నుంచి యాత్ర సాన్ సుల్పీస్ గుడి దగ్గర మొదలవుతోంది. మేం వెళ్లేసరికే లోపల చోటు లేదు. బయట చౌకంతా జనం. సన్నగా చినుకులు. ఒక్కో బృందానికి ఒక సిలువ, ఒక పునీతుడి పేరున్న జెండా. ఇక్కడ బృందాన్ని చాప్టర్ అంటారు. యాభై అరవై మంది నడిచేవాళ్లు, వాళ్లకొక నాయకుడు, వెంట ఒక గురువు. మాది ఇంగ్లీషు మాట్లాడే విదేశీయుల చాప్టర్.

పూజ స్పీకర్లలో వినబడుతోంది. మధ్యలో చాలాసేపు ఏమీ వినబడదు. కొత్తగా వెళ్లినవాళ్లకి అక్కడే టెన్షన్, సౌండ్ పోయిందేమో అనిపిస్తుంది. గురువు ఆ ప్రార్థనలు పెదవులు కదిలేంత మెల్లగా చెప్తారు. గంట మోగింది. ఆ తడి రాళ్ల మీద అంతమందీ ఒక్కసారిగా మోకరించారు. నా పక్కన పదిహేడేళ్ల కుర్రాడు, బ్రాండెడ్ జాకెట్ వేసుకున్నవాడు, నీళ్లు నిలిచిన చోటే మోకాళ్లు ఆన్చాడు. అటూ ఇటూ చూసుకోలేదు.

తర్వాత నడక. మొదటి గంటంతా పారిస్ వీధులే. కాఫీ హోటళ్ల బయట బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు ఫోన్లు తీసి వీడియోలు పట్టుకున్నారు. నల్లంగీ వేసుకున్న గురువులు, పసిపిల్లల్ని బండిలో తోసుకెళ్లే తల్లులు, టోపీలు పెట్టుకున్న స్కౌట్లు, వరస ఎక్కడా తెగలేదు. మతం ఇంట్లో ఉంచుకోవాల్సిన సంగతి అని నూరేళ్లుగా అలవాటుపడిన నగరం ఇది. వాళ్లు వింతగా చూడటంలో తప్పేం లేదు. ఒకాయన మాత్రం సైకిల్ ఆపి, దిగి, సిలువ గుర్తు వేసుకుని మళ్లీ ఎక్కాడు.

ఊరు దాటాక జపమాల మొదలైంది. నాయకుడు మెగాఫోన్‌లో ఒక మాట చెప్పాడు: పదేసి మంగళవార్త జపాల ఒక్కో భాగాన్ని ఒక్కో భాషవాళ్లు నడిపించాలి, జవాబు అందరూ లాటిన్‌లో చెప్పాలి. ఐరిష్ వాళ్లయ్యారు, పోలిష్ అమ్మాయి అయ్యింది. మెగాఫోన్ మా ఇద్దరి చేతికొచ్చింది. “దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము” అని నేనెత్తుకున్నాను. “ఏలినవారు మీతో ఉన్నారు” అని అన్నయ్య అందుకున్నాడు. యానాం మామ్మ దగ్గర తను నేర్చుకున్నదీ, విశాఖలో అమ్మమ్మ దగ్గర నేను నేర్చుకున్నదీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకటే. మా మాట ఆగగానే వెనకనుంచి అరవై గొంతులు ‘సాంక్త మరియ, మాతెర్ దేయి’ అని అందుకునేవి. ఎవరికీ తెలుగు రాదు. ఎక్కడ అందుకోవాలో మాత్రం ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇంగ్లీషు వాడాల్సిన పనే రాలేదు. లాటిన్ ఎందుకు అని అడిగేవాళ్లకి నేను ఇకమీదట ఈ పది మంగళవార్తల సంగతే చెప్తాను.

మధ్యాహ్నం నుంచి షెవ్రూజ్ లోయ. ఎక్కుడు దిగుడు, చెట్ల కింద బురద. ఇక్కడ చూసిన ఒక సంగతి కాస్త వివరంగా రాయాలి. వరసకి పది అడుగుల పక్కగా, కాలిబాట అంచున, మెడలో ఊదా స్టోలా (గురువులు వేసుకునే పొడుగాటి పట్టీ) వేసుకున్న గురువు ఒకరు నడుస్తున్నారు. ఆయన పక్కన తల వంచుకుని ఒక మనిషి. ఇద్దరి అడుగులూ ఒకేలా పడుతున్నాయి. కొంతదూరం పోయాక గురువు చెయ్యెత్తి సిలువ గుర్తు వేస్తారు. ఆ మనిషి వరసలోకి వచ్చేస్తాడు. ఇంకొకరు వెళ్తారు. పాపసంకీర్తనం, అంటే తప్పులు గురువుకి చెప్పుకుని క్షమాపణ పొందడం, రోజంతా ఇలా నడకలోనే జరుగుతుంది. వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది కాలేజీ వయసు వాళ్లు. నేనూ వెళ్లాను. మోకరించే చోటు లేక, తెర లేక, పక్కపక్కన నడుస్తూ చెప్పుకోవడంలో దాపరికం దానంతటదే పోతుంది.

చీకటి పడేవేళకి ష్వాజెల్ మైదానం చేరాం. నలభై కిలోమీటర్లకి దగ్గరగా నడిచి ఉంటాం. రొట్టె, వేడి సూపు, గుడారం. బొబ్బలకి కట్లు కట్టించుకునే వాళ్ల వరస సూపు వరసకన్నా పెద్దది.

సూపు తాగుతూ అన్నయ్య తన వాదన మొదలుపెట్టాడు. “అర్థం కాని భాషలో దేవుడితో ఏం మాట్లాడతావు? మామ్మకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పూజ జరుగుతుంటే జపమాల చెప్పుకుంటూ కూర్చునేది. సభ పెట్టింది అందుకేగా?”

సభ అంటే రెండో వాటికన్ మహాసభ, 1962 నుంచి 1965 దాకా జరిగింది. అన్నయ్య మాటలో నిజముంది. తెలుగులో దైవవాక్కు వినగలగడం మనకి దక్కిన పెద్ద మేలు. దాన్ని నేను వదులుకోను. పాత పూజని ప్రేమించే కొందరు మహాసభనే తప్పుపడతారు, వాళ్లతో నేను కలవను. కాని ఆ సభ నిజంగా ఏమందో ఎంతమంది చదివారు? 1963 డిసెంబరు 4న వెలువడిన ఆరాధనా శాసనం 36వ అంశంలో లాటిన్‌ని నిలుపుకోవాలనే ఉంది, ప్రజల భాషకి ఎక్కువ చోటివ్వొచ్చని దాని పక్కనే ఉంది. 116వ అంశం గ్రెగోరియన్ గానానికి మొదటి స్థానం ఇవ్వమంది. రెండూ చెప్పిన సభని చూపించి ఒకదాన్ని పూర్తిగా తీసేశాం. మామ్మకి మాటలు అర్థం కాలేదు, నిజమే. పీఠం మీద ఎవరు వస్తున్నారో అర్థం కాలేదంటావా అన్నయ్యా, అని అడిగాను. కాసేపు సూపు గిన్నెలోకే చూశాడు. “అది అర్థమయ్యేది” అన్నాడు.

ఆదివారం, 8 జూన్: పెంతెకోస్తు, రాంబుయే అడవి మీదుగా గాస్ దాకా

తెల్లారకముందే లౌడ్‌స్పీకర్ లేపేసింది. కాళ్లు నేల మీద మోపలేకపోయాం. పది నిమిషాలు నడిస్తే సర్దుకుంటుందన్నారు, సర్దుకుంది.

ఈ ఏటి ధ్యానమంతా క్రీస్తు రాజరికం మీద. నడుస్తుండగానే గురువు మెగాఫోన్‌లో ప్రసంగం చేస్తారు. 1925 డిసెంబరు 11న 11వ భక్తినాథ (పయస్) పోపుగారు ‘క్వాస్ ప్రీమాస్’ అనే లేఖ రాసి క్రీస్తు రాజు పండుగని స్థాపించారు. దానికి వందేళ్లు నిండుతున్నాయి. మన ఊళ్లలో ఆ పండుగకి పందిళ్లు వేసి, సత్ప్రసాద (క్రీస్తు శరీరంగా మేం నమ్మే అప్పము) ఊరేగింపు చేస్తాం. ఆ పండుగ ఎలాంటి కాలంలో పుట్టిందో మాకెవరూ చెప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రాజులు పోయారు, ముస్సోలినీ వచ్చాడు, రష్యాలో గుళ్లు మూతపడ్డాయి. దేశమే దేవుడు, పార్టీయే దేవుడు అనే మాట బలపడుతున్న రోజుల్లో, వాటన్నిటిపైనా ఒక రాజున్నాడు అని చెప్పడానికి పెట్టిన పండుగ. ఆ రాజు ఎవరి మీదా సైన్యాన్ని పంపడు, ముళ్ల కిరీటమే ఆయన కిరీటం అని కూడా గురువు గుర్తుచేశారు. ఆ మాట అక్కడ అవసరమే. కొందరి చేతుల్లో రాజుల కాలపు లిల్లీ పూల జెండాలున్నాయి. దగ్గర్లో నడుస్తున్న ఒకాయన, యూరప్ అంటేనే విశ్వాసం, విశ్వాసం అంటేనే యూరప్ అని గట్టిగా చెప్తున్నాడు. నాకు కోపం వచ్చింది. మా దేశంలో యేసు శిష్యుడు పునీత తోమా సంప్రదాయం ఎంత పాతదో, ఎన్ని తరాలుగా మలబారు తీరంలో సిరియాక్ పూజ జరుగుతోందో ఆయనకి చెప్పాను. మర్యాదగానే విన్నాడు. పాత పూజని ప్రేమించడం వేరు, దాన్ని ఒక జాతి గుర్తుగా మార్చుకోవడం వేరు. రెండోది పూజకే చేటు. ఈ యాత్రలో అలాంటివాళ్లు తక్కువే, కాని లేరని రాస్తే అబద్ధమవుతుంది.

దారిలో ఊళ్లు వచ్చాయి. ప్రతి ఊళ్లో రాతి గుడి, ఎక్కువ వాటికి తాళం. 1905 డిసెంబరు 9న ఫ్రాన్సు చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీస్తూ చట్టం చేసింది. అంతకుముందు కట్టిన విచారణ గుళ్లు ఊరి పంచాయతీ ఆస్తులయ్యాయి, కెథెడ్రల్‌లు ప్రభుత్వానివి. కప్పు కారితే బాగుచేసేది మేయరు. గురువులు తక్కువ, ఒక్కొక్కరి కింద ఇరవై ముప్ఫై గుళ్లుండే చోట్లు కూడా ఉన్నాయి. మన దగ్గర ఫాదర్‌గారు ఆదివారం నాలుగు సబ్‌స్టేషన్లు (విచారణ కిందుండే చిన్న గుళ్లు) తిరిగొస్తేనే అలసిపోతున్నారని జాలిపడతాం.

పండుగ పూజ అడవి పక్కన బహిరంగ మైదానంలో. దూరంగా పందిరి కింద ఎత్తైన పీఠం. కళ్లకి ఆనినంత మేర జనం గడ్డి మీద. పాటకులు పవిత్రాత్మ గీతం ఎత్తుకున్నప్పుడు వాయిద్యమేదీ లేదు, వట్టి గొంతులే. ఆ గానంలో తాళం ఉండదు, చప్పట్లు కొట్టాలన్నా కుదరదు. మనిషిని ఊపేయాలనే ప్రయత్నం అందులో కనబడదు. నా మనసు అక్కడ నిలవడానికి కొంచెంసేపు పట్టింది, నిలిచాక కదల్లేదు.

సత్ప్రసాదం వేళకి పసుపు, తెలుపు గొడుగులు మైదానమంతా విచ్చుకున్నాయి. ఒక్కో గొడుగు కింద ఒక గురువు. గొడుగు ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, గడ్డిలో మోకరించి, నాలుక మీద స్వీకరించాలి. పసిబిడ్డని చంకనెత్తుకున్న నాన్న ఒకరు నా ముందు మోకరించాడు. బిడ్డ చెయ్యి గురువు స్టోలా అంచు పట్టుకుంది. గురువు నిదానంగా ఆ వేళ్లు విప్పి, బిడ్డ నుదుటి మీద సిలువ గుర్తు వేసి, తర్వాతి మనిషి దగ్గరికి జరిగారు. వేలమంది ఎదురుచూస్తున్నా ఆయనకి తొందర లేదు.

ఇప్పుడు మన సంగతి. మా వైపు పెళ్లి పూజలో వీడియో తీసే కుర్రాడు పీఠం మెట్లెక్కి, గురువు భుజం పక్క నిలబడి, అప్పము ఎత్తే సమయానికి లైటు వేస్తాడు. సత్ప్రసాదం ఇస్తున్నంతసేపూ కీబోర్డు, రిథమ్ ప్యాడ్. అది అవగానే మైకులో సంఘ ప్రకటనలు. స్వీకరించిన ప్రభువుతో రెండు మాటలు చెప్పుకునే వ్యవధి ఎక్కడుంది? పిల్లలు గుడికి రావడం లేదని, పక్క ప్రార్థనా మందిరంలో బ్యాండు బాగుందని పోతున్నారని, మనం ఇంకా పెద్ద స్పీకర్లు కొంటున్నాం. ఆ పోటీలో మనం గెలవం, గెలవాల్సిన అవసరమూ లేదు. వాళ్ల ఫోన్లో అంతకన్నా మంచి బ్యాండు ఎప్పుడూ ఉంటుంది. ఫోన్లో దొరకనిది మోకరింపు, మౌనం, ఉపవాసం. మా అమ్మమ్మ కాలంలో సత్ప్రసాదానికి ముందు అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. 1957లో దాన్ని మూడు గంటలకి తగ్గించారు, 1964లో ఒక గంటకి. ఇప్పుడు ఆ గంట కూడా ఎంతమందికి గుర్తుంది?

మధ్యాహ్నం నడకలో ఒక నర్సింగ్ విద్యార్థిని పరిచయమైంది. ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదట. ఈ ఏడు పాస్కా (ఈస్టరు) జాగరణలో జ్ఞానస్నానం తీసుకుంది. ఈ ఈస్టరుకి ఫ్రాన్సులో 10,384 మంది పెద్దవాళ్లు జ్ఞానస్నానం పొందారు, నిరుటి కన్నా 45 శాతం ఎక్కువ. వాళ్లలో ఆమె ఒకతి. పాత పూజకే ఎందుకు వస్తున్నావని అన్నయ్య అడిగాడు. పొద్దున లేస్తే ప్రతి ఒక్కరూ నన్ను ఆకట్టుకోవాలని చూస్తారు, ఇక్కడ ఎవరూ ఆ పని చెయ్యలేదు, గురువు నా వైపు చూడను కూడా లేదు, ఆయన చూస్తున్న వైపే నేనూ చూడాలనిపించింది అంది. అన్నయ్య దానికి ఏమీ అనలేదు. ఆమె ఫ్రెంచిలో చెప్పినదాన్ని నాకు తెలుగులో చెప్పి, కాసేపు ముందుకి నడిచి వెళ్లిపోయాడు.

ఇదే మూడు రోజుల్లో ఇంకో యాత్ర షార్త్ర్ నుంచి పారిస్‌కి, మాకు ఎదురుదిశలో నడుస్తుంది. అది పునీత 10వ భక్తినాథ సభ వాళ్లది. వాళ్ల స్థాపకుడు ఆర్చ్‌బిషప్ మార్సెల్ లెఫెవ్ర్ 1988 జూన్ 30న రోము అనుమతి లేకుండా నలుగురు బిషప్పులను అభిషేకించి బహిష్కరణ కొనితెచ్చుకున్నారు. పాత పూజని కాపాడుతూనే పోపుగారితో నిలవాలనుకున్నవాళ్లు అప్పుడే ఆయన్నుంచి విడిపోయారు. మా వరసలో నడుస్తున్న గురువుల్లో చాలామంది ఆ దారిలో వచ్చినవాళ్లు. 2007లో 16వ బెనెడిక్ట్ పోపుగారు పాత పూజకి తలుపులు బార్లా తెరిచారు. 2021 జూలై 16న ఫ్రాన్సిస్ పోపుగారు ఐక్యత దెబ్బతింటోందని మళ్లీ కట్టడి చేశారు. ఆ నిర్ణయం ఈ వరసలో ఎంతమందిని గాయపరిచిందో రెండు రోజులుగా వింటున్నాను. నాకూ బాధే. అయినా విధేయత లేని సంప్రదాయం సంప్రదాయమే కాదు అని నా నమ్మకం. మన పక్కనే కేరళలో, ఎర్నాకుళంలో, గురువు ఏ వైపు తిరిగి పూజ చెయ్యాలన్న గొడవ గుడి తలుపులు మూసుకునే దాకా వెళ్లింది. పూజ కోసమే కొట్టుకుంటే పూజలో ఏం మిగిలింది? లియో పోపుగారు పీఠమెక్కి నెల రోజులే అయ్యింది. ఆయన కోసం ప్రతి జపమాలలోనూ ఒక పరలోక జపం చెప్పాం.

రాత్రి గాస్ మైదానంలో సత్ప్రసాద ఆరాధన. అన్నయ్య గుడారంలో పడుకుంటానన్నాడు, కాలి మడమ వాచింది. గంట తర్వాత చూస్తే నా వెనక రెండు వరసల్లో దుప్పటి కప్పుకుని మోకరించి ఉన్నాడు.

సోమవారం, 9 జూన్: గాస్ నుంచి షార్త్ర్

బోస్ మైదానాల్లో చెట్టు కనబడదు. రెండు పక్కలా గోధుమ చేలు, మధ్యలో మట్టి దారి. నీడ లేని ఆ దారిలో చాలాసేపు నడిచాక ఎవరో అరిచారు, షార్త్ర్ గోపురాలు కనబడ్డాయి. వరస ఆగిపోయింది. అందరూ మోకరించి మరియమాత పాట ‘సాల్వే రెజీనా’ పాడారు. రెండు గోపురాలూ ఒకేలా ఉండవు. ఒకటి 12వ శతాబ్దిది, నునుపుగా, బరువుగా. రెండోది 16వ శతాబ్ది మొదట్లో కట్టింది, ఎత్తు ఎక్కువ, చెక్కడం ఎక్కువ. మధ్యలో గడిచిన మూడు వందల ఏళ్లలో శైలి మారిపోయింది. కొత్త శిల్పి పాతదాన్ని పడగొట్టనూ లేదు, దాన్ని అనుకరించనూ లేదు. అన్నయ్య అటు చూపించి, “నీ పూజ, నా పూజ” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

ఈ దారిలో 1912లో షార్ల్ పెగీ అనే కవి జబ్బుపడిన కొడుకు కోసం మొక్కుకుని నడిచాడు. రెండేళ్లకి యుద్ధంలో చనిపోయాడు. ఆయన స్నేహితులూ, తర్వాత విద్యార్థులూ ఆ నడకని కొనసాగించారు. ఇప్పటి యాత్రలన్నిటికీ మూలం అదే.

మధ్యాహ్నానికి ఊళ్లో అడుగుపెట్టాం. గంటలు మోగుతున్నాయి. లోపలికి అందరికీ చోటు చాలదు. మా చాప్టర్‌కి అదృష్టవశాత్తూ చోటు దొరికింది.

1194 జూన్ 10న ఇక్కడి పాత కెథెడ్రల్ కాలిపోయింది. 876లో షార్లు ది బాల్డ్ అనే రాజు ఇచ్చిన మరియమాత వస్త్రం కూడా మంటల్లో పోయిందని జనం ఏడ్చారట. అది నేలమాళిగలో భద్రంగా బయటపడేసరికి, అమ్మ ఇంకా పెద్ద గుడి అడుగుతోందని కట్టడానికి పూనుకున్నారు. ముఖ్యమైన కట్టడం పాతికేళ్లలోనే లేచింది, 1260లో ప్రతిష్ఠ జరిగింది. గాజు కిటికీల అడుగున రొట్టెలు చేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, వడ్రంగులు పనిచేస్తూ కనబడతారు. రాజుల బొమ్మలు పైన ఎక్కడో ఉంటాయి, కంటికి ముందు ఆనేది కష్టజీవుల బొమ్మలే. 1944 ఆగస్టు 16న గోపురంలో జర్మన్లు దాక్కున్నారని అమెరికా సైన్యం ఫిరంగులు పేల్చబోతే, వెల్బోర్న్ గ్రిఫిత్ అనే కల్నల్ తానే లోపలికెళ్లి చూసి, ఎవరూ లేరని చెప్పి ఆపించాడు. అదే రోజు పక్క ఊళ్లో కాల్పుల్లో చనిపోయాడు.

లోపలి గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. 2009 నుంచి జరిగిన మరమ్మతుల్లో శతాబ్దాల మసి కడిగి, మధ్యయుగాల నాటి రంగుని బయటికి తెచ్చామంటారు. నల్ల మాతగా పేరున్న స్తంభం దగ్గరి మరియమాత స్వరూపానికి కూడా నలుపు పోయి, ముఖం తెల్లగా అయ్యింది. పండితుల లెక్క సరిగ్గానే ఉండొచ్చు. కాని ఆ నలుపు ముందు తరతరాల వాళ్లు కొవ్వొత్తులు వెలిగించి ఏడ్చారు, ఆ పొగా వాళ్ల ప్రార్థనలో భాగమే. మొదటి రూపం కోసం మధ్యలోని భక్తినంతా తుడిచెయ్యడం పాత పూజ ప్రేమికులు కూడా చెయ్యగలిగే పొరపాటు. మనకీ వర్తిస్తుంది. 1969లో రోము మన దేశానికి పన్నెండు మార్పులు అనుమతించింది, చెప్పులు విడవడం, హారతి, చేతులు జోడించి వందనం లాంటివి. అప్పట్లో సంప్రదాయవాదులు వాటిని గట్టిగా వ్యతిరేకించారు. అప్పము ఎత్తినప్పుడు హారతి ఇవ్వడం చూస్తూ పెరిగిన మా తరానికి అది కూడా పెద్దల నుంచి వచ్చిన భక్తే. దాన్ని తీసెయ్యమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను.

ముగింపు పూజలో అమ్మమ్మ జవాబులన్నీ నేను చెప్పాను. పుస్తకం అన్నయ్య పట్టుకున్నాడు. గాన పీఠిక తర్వాత వచ్చే ‘సాంక్తుస్’ (పరిశుద్ధుడు) పాట తనే గొంతెత్తి పాడాడు, ఆ రాగం తన విచారణలో కూడా ఎప్పుడైనా పాడతారట. మళ్లీ వస్తావా అంటే, “మడమ తగ్గాక అడుగు తమ్ముడూ” అన్నాడు.

నడవలేనివాళ్లు ఇంటి దగ్గరే ఉండి ఆ మూడు రోజులూ ప్రార్థనతో తోడుండే పద్ధతి ఈ యాత్రలో ఉంది. వాళ్లని కావలి సన్మనస్కులు (కాపాడే దేవదూతలు) అంటారు. మా అమ్మ విశాఖలో అలా ఉంది, రోజూ రాస్ హిల్ ఎక్కి మాత గుళ్లో జపమాల చెప్పింది. రైలెక్కే ముందు ఫోన్ చేశాను. మోకాళ్లు ఎలా ఉన్నాయని నేనడగబోతే తనే ముందు అడిగింది. సత్ప్రసాదం నాలుక మీదే ఇచ్చారా, మోకరించే తీసుకున్నారా, పిల్లలు ఎంతమంది వచ్చారు అని ఒకదాని మీద ఒకటి అడిగి, అన్నీ విన్నాక, మన గుళ్లో ఏం చెయ్యొచ్చంటావు అంది. ఫాదర్‌గారిని రెండే అడుగుదాం అన్నాను. సత్ప్రసాదం తర్వాత ఐదు నిమిషాలు మైకూ కీబోర్డూ ఆపడం, కెమెరావాళ్లు పీఠం మెట్లు ఎక్కకుండా ఉండటం.

“నువ్వొక్కడివీ అడిగితే కుర్రాడి మాటలే అనుకుంటారు. నేనూ వస్తాను, మరియదళం ఆడవాళ్లనీ తీసుకొస్తాను” అంది.